హెట్టీ వదిన ఎర్ర డీసా

మా వదిన హెట్టీ చేతులు ఎప్పుడూ తడిగానే ఉండేవి. కొండ కింద వాగులో తెల్లవాళ్ళ ఇళ్ళ బట్టలు ఉతకడం వాళ్ళమ్మ పని. ఆవిడ పోయాక అది వదిన పని అయింది. మా అన్నయ్య కాస్పర్ రాతి గోడలు కట్టేవాడు. కొండ చుట్టూ తోటల్లో కనిపించే మెట్లు, గట్లు, నీటి కాలవలు చాలావరకు మా నాన్న చేతులో వాడి చేతులో పడ్డవే. నేను వాళ్ళతోనే ఉండేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేదాన్ని.

వదిన వాళ్ళమ్మ ఎప్పుడో కొండ లోయలోంచి డీసా అనే అడవిపువ్వు దుబ్బు ఒకటి తెచ్చి ఇంటి వెనక ఊట దగ్గర పెట్టింది. అప్పట్లో అడిగేవాళ్ళు లేరు. తర్వాత తర్వాత అడవి పువ్వు ముట్టుకుంటే జైలన్నారు గానీ, మా పెరట్లో ఉన్నదాని జోలికి ఎవరూ రాలేదు. అన్నయ్య పెళ్ళికి ఉంగరం కొనలేకపోయాడు. బదులుగా ఇసుకరాయితో ఒక తొట్టి చెక్కి, ఊటనీళ్ళు అందులోంచి పారేట్టు అమర్చి, డీసాని అందులోకి మార్చి ఇచ్చాడు. "వేలికి పెట్టుకుంటే సబ్బుకి జారిపోతుంది. ఇది ఎక్కడికీ పోదు" అన్నాడట. ఆ మాట వదిన చాలాసార్లు చెప్పేది, వాణ్ణి వెక్కిరించాలన్నప్పుడల్లా.

మా దగ్గర జనవరంటే నడి ఎండాకాలం, చలీ వానలూ జూన్ జూలైల్లో. ఏటా ఆ జనవరి ఎండల్లో అది పూసేది. అరచెయ్యంత పువ్వు. ఎరుపంటే మామూలు ఎరుపు కాదు, చూస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగేంత ఎరుపు. దాని ఆకులు మామూలు గడ్డిలా ఉంటాయి. పూసేదాకా ఎవరూ దాన్ని పట్టించుకోరు.

తర్వాత ఆ నేల తెల్లవాళ్ళదని, మా రంగువాళ్ళు అక్కడ ఉండకూడదని చట్టం వచ్చింది. ఒకాయన పటం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చెప్పి వెళ్ళాడు. మేం నమ్మలేదు. చర్చిలో ఫాదర్ కూడా నమ్మలేదు. నమ్మినా నమ్మకపోయినా లారీ వచ్చింది.

సామానంతా ఎక్కించాక అన్నయ్య తొట్టి చూపించాడు. లారీవాళ్ళలో పెద్దాయన దాన్ని కాలితో కదిపి చూశాడు.

"ఇదేంటి?"

"తొట్టి."

"రాయి కదా! రాళ్ళు మొయ్యడానికి రాలేదు మేము. కుర్చీలుంటే ఎక్కించు."

అన్నయ్య ఏదో అనబోయాడు. వదిన వాడి చెయ్యి పట్టుకుని ఆపింది. మోకాళ్ళమీద కూర్చుని, డీసాని వేళ్ళు తెగకుండా, పట్టుకున్న మట్టితో సహా పైకి తీసి, బట్టలు ఉతికే రేకు టబ్బులో పెట్టుకుంది. లారీలో దారి పొడుగునా ఆ టబ్బు ఆమె ఒళ్ళోనే ఉంది. అన్నయ్య వెనక్కి తిరిగి చూడలేదు. నేను చూశాను. ఊటనీళ్ళు ఖాళీ తొట్టిలో పడుతూనే ఉన్నాయి.

మమ్మల్ని దించిన చోటుని మైదానం అంటారు. చెట్టు లేదు, చేమ లేదు. ఇసుక. ఒకేలాంటి ఇళ్ళు వరసలు వరసలుగా. ఆగ్నేయం గాలి లేచిందంటే అన్నం తిన్నా ఇసుకే, కన్ను తెరిచినా ఇసుకే. కొండ మాత్రం దూరంగా కనిపించేది. అన్నయ్య వాకిట్లో కూర్చునేటప్పుడు దానికి వీపు పెట్టి కూర్చునేవాడు.

ఇక్కడ రాతిపని లేదు. ఉన్నా వాడు చెయ్యలేడు. ఏళ్ళ తరబడి రాతిపొడి పీల్చిన ఊపిరితిత్తులు ఈ ఇసుకగాలికి పూర్తిగా పాడయ్యాయి. మంచం పట్టాడు. వదిన మాత్రం తెల్లారకముందే బస్సెక్కి పాత ఊరి పక్కకే వెళ్ళి, అవే తెల్లవాళ్ళ ఇళ్ళలో బట్టలు ఉతికి, చీకటి పడ్డాక వచ్చేది. తను పుట్టిన వీధిలోంచి నడుచుకుంటూ పోయి పనిచేసి వచ్చేది. ఆ వీధి ఇప్పుడెలా ఉందని అన్నయ్య ఒక్కసారీ అడగలేదు. ఆమె చెప్పనూ లేదు.

డీసా చచ్చిపోలేదు. ఆకులు వేసింది, పక్కన పిల్లమొక్కలు వేసింది. జనవరి వచ్చింది, పువ్వు రాలేదు. మరుసటి జనవరీ అంతే. ఆకుల చివర్లు నల్లబడేవి. వదిన కుళాయినీళ్ళు మానేసి వాననీళ్ళు పట్టి పోసింది. ఎండ తగలకుండా పాత కిటికీ తెర కట్టింది. డబ్బాకి చిల్లు పెట్టి పైన వేలాడదీసి, వాగులోలాగ బొట్టుబొట్టుగా పారేట్టు చేసింది. అయినా కాడ లేవలేదు.

పక్కింటి గదీజా గోడమీంచి ఇదంతా చూసేది. ఆమె భర్త సలీ బండిమీద స్నూక్ చేపలు అమ్మేవాడు. గదీజా నోరు చాలా పెద్దది, మనసు దానికంటే పెద్దది.

"ఏమే హెట్టీ, పూయని మొక్కకి ఇంత సేవేంటే? మా ఆయనకి నేను ఇందులో సగం చేసుంటే ఈపాటికి బండి మానేసి కారు కొనేవాడు."

"మీ ఆయన పూస్తాడా?" అంది వదిన టబ్బులోంచి తలెత్తకుండా.

"పుయ్యడు గానీ వాసనొస్తాడు" అంది గదీజా. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ ఇంటికి వచ్చాక వదిన అలా నవ్వగా నేను వినడం అదే మొదటిసారి.

"అయినా అది ఉన్న చోట ఎలా ఉండేదే?" అని అడిగింది గదీజా నవ్వాగాక.

"చల్లగా. వేళ్ళకి ఎప్పుడూ మంచు తగిలినట్టుండేది. ఎండ ఆకుల మీదే, వేళ్ళ మీద కాదు."

ఆ సాయంత్రం సలీ హార్బరు నించి వచ్చి, చేపల పెట్టెలో మిగిలిన ఐసు గోడ దగ్గర పెట్టి వెళ్ళాడు. ఆ రోజు నించి ఎండాకాలమంతా రోజూ పెట్టాడు. వదిన ఒక చెక్కపెట్టెలో రేకుటబ్బు దించి, చుట్టూ ఐసు పోసి గోనె కప్పేది. వీధిలో పిల్లులన్నీ మా పెరట్లోనే కాపురం పెట్టాయి. ఆ ఏడూ పువ్వు రాలేదు.

ఒక ఆదివారం అన్నయ్య మంచంలోంచి అరిచాడు. "పారెయ్ దాన్ని! ఇల్లంతా చేపకంపు. అది పుయ్యదు. ఇక్కడ ఏదీ పుయ్యదు. ఆ మాత్రం తెలియదా నీకు?"

వదిన టబ్బు వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"పారేస్తాలే. దాంతోపాటు నిన్నూ పారెయ్యనా? అది కనీసం ఆకులన్నా వేస్తోంది. నువ్వేం వేస్తున్నావు?"

అన్నయ్య నోరు తెరిచి ఆమెనే చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గి దగ్గి, ఆయాసం తగ్గాక, చెయ్యి చాపాడు.

"తీసుకురా. ఇలా తీసుకురా."

వదిన, నేను టబ్బు ఎత్తుకొచ్చి మంచం పక్కన పెట్టాం. వాడు వేళ్ళు మట్టిలోకి పోనిచ్చి, పిడికెడు తీసి, అరచేతిలో పరిచి చూశాడు. బొటనవేలితో నలిపాడు. నాలిక చివర పెట్టుకుని ఉమ్మేశాడు.

"ఈ ఇసుక ఎక్కడిది హెట్టీ?"

"పెరట్లోది. వచ్చిన కొత్తలో మట్టి తక్కువైతే కలిపాను."

"ఇది సముద్రం ఇసుకే పిచ్చిదానా! చూడు, గవ్వల పొడి. సున్నంతో సమానం. వాగులో పెరిగేదానికి సున్నం పెట్టి, పైన ఐసు పెడితే ఏం లాభం?" అని, "సోఫీ, నువ్వూ చూడు" అని నాకూ చూపించాడు. తెల్లటి చిన్న చిన్న పెంకులు. మేం ఇన్నాళ్ళూ తిన్నదీ తొక్కిందీ అదే.

మరుసటి ఆదివారం నించి పని మొదలైంది. ఊరు పడగొట్టినా చర్చి పడగొట్టలేదు. మా వాళ్ళు చాలామంది ఆదివారాలు బస్సెక్కి ఆ చర్చికే పోయేవాళ్ళు. పూజ అయ్యాక, నలుగురూ మాట్లాడుకుంటుంటే, వదిన నేను వెనకదారిన ఊట దగ్గరికి వెళ్ళేవాళ్ళం. మా ఇల్లున్న చోట గడ్డి మొలిచింది. రాతి తొట్టి లేదు. ఎవరు తీసుకెళ్ళారో తెలియదు. వదిన అక్కడ ఆగలేదు. వాగులో ముతక ఇసుక సంచిలో నింపి, డబ్బాల్లో నీళ్ళు పట్టి, "పద" అంది.

బస్సు కండక్టరు మమ్మల్ని గుర్తుపట్టేశాడు. "ఆంటీ, మీ ఊళ్ళో కుళాయిలు లేవా, పక్కవాళ్ళ వాగు మోసుకుపోతున్నారు?"

"పక్కవాళ్ళదెప్పుడైందిరా అది?" అంది వదిన.

ఆ తర్వాత వాడే డబ్బాలు ఎక్కించడానికి చెయ్యి అందించేవాడు.

అన్నయ్య మంచంలోనే కూర్చుని ఇసుకని కడిగించాడు. సముద్రం ఇసుకంతా వేళ్ళమధ్య నించి ఒక్కో పెంకూ ఏరి తీసేయించాడు. వాడు చెప్పినట్టల్లా వదిన చేసింది. ఆ శీతకాలమంతా వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది ఆ మొక్క గురించే. కానీ మాట్లాడుకున్నారు. అంతకుముందు అదీ లేదు.

డిసెంబరులో ఆకుల మధ్య నించి కాడ లేచింది. మొదట నేను చూశాను. కేక పెట్టబోతే వదిన నా నోరు మూసింది. "అరవకు. దిష్టి తగులుతుంది." మాటవరసకి అన్నది కాదు అది, ఆమెకి నిజంగా భయం. పండగ రోజున చర్చికి కూడా వెళ్ళలేదు. గాలి లేస్తుందేమోనని టబ్బు చుట్టూ దుప్పట్లు కట్టి కాపలా కూర్చుంది.

కొత్త సంవత్సరం వెళ్ళాక ఒక సోమవారం పొద్దున అది విచ్చింది. ఒకే ఒక్క పువ్వు. వదిన పనికి వెళ్ళలేదు. తెల్లవాళ్ళ బట్టలు ఒక రోజు మురికిగా ఉంటే ఏం కాదంది. గదీజా, సలీ, వీధి చివరివాళ్ళు, అందరూ వచ్చి చూశారు. సలీ తలమీద టోపీ సర్దుకుని, "నా ఐసు పూసింది" అన్నాడు గర్వంగా.

నేను ఆ పువ్వుకేసి చూశాను. చిన్నది. కొండ దగ్గర పూసినదానిలో సగం. ఎరుపు లేదు. ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలాగ పాలిపోయిన నారింజ రంగు. వదినకీ అది తెలుసు. ఆమె మొహం చూస్తే తెలిసింది. అయినా టబ్బు ఎత్తుకెళ్ళి అన్నయ్య మంచం దగ్గర పెట్టి, తెర తీసి, వెలుతురు పడేట్టు తిప్పింది.

అన్నయ్య చాలాసేపు చూశాడు.

"బతికే ఉంది పాపం" అన్నాడు.

"ఆఁ. బతికే ఉంది."

"ఇది ఇక పోతుంది కదా? పూసిన ప్రతిసారీ తల్లి ఎండిపోతుంది."

"పిల్లలున్నాయి కింద. మూడో నాలుగో."

వాడు పువ్వుని వేలితో ముట్టుకున్నాడు. "వాటిని ఇక్కడ ఉంచకు హెట్టీ. వెనక్కి తీసుకెళ్ళి లోయలో పెట్టెయ్. దీన్ని పూయించాం. చాలు. ఇంకోసారి వద్దు."

వదినకి కోపమొచ్చింది. ఇన్నేళ్ళ చాకిరీ. వాకిట్లోకి వచ్చి, నాతో, "చూశావా మీ అన్నయ్యని? మంచి మాట ఒక్కటి రాదు నోట్లోంచి" అని కళ్ళు తుడుచుకుంది. వాడు అన్నది మొక్క గురించి మాత్రమే కాదని ఇద్దరికీ తెలుసు.

అన్నయ్య చలి మొదలవుతుండగా పోయాడు. పాత చర్చి దగ్గరి శ్మశానంలో మా నాన్న పక్కన పెట్టాలని వదిన ఎంత బతిమాలినా కుదరలేదు. అది ఇప్పుడు మా వాళ్ళకి లేదన్నారు. మైదానంలోనే తవ్వారు. ఇసుకలో గొయ్యి నిలవదు. తవ్వేకొద్దీ పక్కలు జారిపోతుంటే, చివరికి పలకలు అడ్డం పెట్టి దించారు. వదిన ఒక పిడికెడు తీసి వెయ్యాల్సి వచ్చినప్పుడు, అరచేతిలో దాన్ని చూసుకుంది. చూసి, వేసింది.

వానలు పడ్డాక, ఒక మంగళవారం, నాకు ఫ్యాక్టరీ సెలవు పెట్టించి, టబ్బుతో బయల్దేరింది. తల్లి మొక్క ఎండిపోయింది. పిల్లలు మాత్రం పచ్చగా, వేలంత పొడుగున ఉన్నాయి. చర్చి వెనకనించి అడవిదారి పట్టి, నెమ్మదిగా ఎక్కాం. టబ్బు చెరోవైపు పట్టుకున్నాం. వాళ్ళమ్మ తెచ్చిన చోటు ఆమెకి చిన్నప్పట్నించీ తెలుసు. నీళ్ళ చప్పుడు వినిపించేంత దగ్గరికి వెళ్ళాం.

మలుపులో ఇద్దరు అడ్డం వచ్చారు. ఒకడు అడవిశాఖలో కొత్తగా చేరిన తెల్ల కుర్రాఫీసరు. వెనక గార్డు జాఫ్తా. జాఫ్తా మా పాతూరివాడే. అన్నయ్య కంటే బాగా చిన్నవాడు, చిన్నప్పుడు అన్నయ్య వెంట ఈ కొండమీదే గాలిపటాలు ఎగరేసినవాడు. అన్నయ్య శవపేటిక మోసినవాళ్ళలో వాడూ ఉన్నాడు.

"టబ్బులో ఏంటి?" అన్నాడు ఆఫీసరు.

"డీసా అయ్యా. మాదే. తిరిగి పెట్టేద్దామని తెచ్చాం" అంది వదిన.

"తిరిగి పెట్టడానికా?" వాడు నవ్వాడు. "దొరికిపోయిన ప్రతివాడూ ఇదే చెప్తాడు."

"దొంగిలించినవాళ్ళు కొండ దిగుతారయ్యా. మేం ఎక్కుతున్నాం."

ఆఫీసరు మొహం ఎర్రబడింది. ఆడమనిషి, అందులోనూ మా రంగుది, తనకి ఎదురు చెప్పిందని వాడికి మంట. "పేరేంటి?"

"హెట్టీ సెప్టెంబర్."

"సెప్టెంబరా! మీలో జనవరి నించి డిసెంబరు దాకా అందరూ దొంగలేనా?"

మా తాతముత్తాతల్ని బానిసలుగా ఓడల్లోంచి దించిన నెల పేరే వాళ్ళకి ఇంటిపేరుగా పెట్టారు. అది వాడికీ తెలిసే అన్నాడు.

వదిన వాడి వైపు చూడలేదు. "జాఫ్తా" అంది. "నువ్వు చెప్పు. ఈ మొక్క మా పెరట్లో ఉండేదా లేదా? నీ చిన్నప్పుడు ఆ తొట్టిలో మూతి పెట్టి నీళ్ళు తాగావా లేదా?"

జాఫ్తా నేలకేసి చూశాడు. వాన చినుకులు వాడి టోపీ అంచు మీంచి జారుతున్నాయి. వాడి ఇంట్లో ఆరుగురు పిల్లలు. ఆ ఉద్యోగం తప్ప మరో ఆధారం లేదు. అదంతా నాకు తెలుసు. వదినకీ తెలుసు.

"చాలామంది దగ్గర ఉండేవి ఆంటీ" అన్నాడు చివరికి. "ఏది ఎవరిదో నాకు గుర్తులేదు."

వదిన టబ్బు వదిలేసింది. నేనొక్కదాన్నే పట్టుకుని ఉన్నాను. బరువుకి ఒరిగిపోయి, సగం మట్టి దారిమీద పడింది. జాఫ్తా వంగి, దాన్ని చేతుల్తో ఎత్తి మళ్ళీ టబ్బులో వేశాడు.

పోలీసు స్టేషనులో ఆ రాత్రంతా బెంచీ మీద కూర్చోబెట్టారు. పొద్దున కోర్టులో జడ్జి తల కూడా ఎత్తకుండా, పాత కేసులేమీ లేవు గనక హెచ్చరించి వదిలేస్తున్నానన్నాడు. వదిన, "మరి మొక్క?" అని అడిగింది. అది సాక్ష్యం అన్నారు. వారం తర్వాత రమ్మన్నారు. వారం తర్వాత వెళ్తే, టబ్బు ఇచ్చారు. హీటరు పక్కన కిటికీలో పెట్టారట, ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. ఆకులు కాగితాల్లా అయిపోయాయి. వదిన స్టేషను బయట కాలవలో మట్టి దులిపేసి, టబ్బు చంకన పెట్టుకుని బస్సెక్కింది. ఆ టబ్బులో బట్టలు నానబెట్టుకోవచ్చని అంది.

చలికాలం అయిపోయేముందు ఒక ఆదివారం జాఫ్తా వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గేటు బయటే నిలబడ్డాడు. వదిన లోపలికి రమ్మనలేదు. వెళ్ళగొట్టనూ లేదు.

"ఆంటీ, ఆ రోజు మట్టి ఎత్తినప్పుడు ఒక పిల్ల నా చేతిలో ఉండిపోయింది. జేబులో వేసుకున్నాను. మర్నాడు తీసుకెళ్ళి వాగులో పెట్టాను. పెద్దరాయి కింద, ఎండ తగలకుండా."

వదిన వాడి మొహంలోకి చూసింది. "నిజమేనా, లేక నా మొహం చూడలేక అల్లి చెప్తున్నావా?"

"నిజం ఆంటీ."

"కాస్పర్ మీద ఒట్టు పెట్టు."

జాఫ్తా పెదాలు కదిలాయి. మాట రాలేదు. నిజం చెప్తూ కూడా చచ్చిన స్నేహితుడి మీద ఒట్టు వెయ్యలేకపోయాడో, అబద్ధం గనకే వెయ్యలేదో నాకు ఈ రోజుకీ తెలియదు. వదిన తల ఊపి, "సరే, వెళ్ళు. వాన వచ్చేట్టుంది" అంది.

ఆ జనవరిలో నేను అడిగాను. "వదినా, ఆదివారం చర్చి అయ్యాక ఒకసారి పైకి పోయి చూసొద్దామా?"

ఆమె తెల్లవాళ్ళ దుప్పటి పిండుతోంది. రెండో కొస నాకిచ్చి, మెలి తిప్పమంది.

"వద్దు సోఫీ. అది అక్కడ లేకపోతే నేను మళ్ళీ ఆ దారంతా దిగి రావాలి."

తర్వాత చాలా ఏళ్ళు బతికింది. చివర్లో వేళ్ళు వంకర్లు పోయి సబ్బుముక్క కూడా పట్టుకోలేకపోయేది, నేనే స్నానం చేయించేదాన్ని. గదీజా ఆమె కోసం ఖాళీ డబ్బాల్లో జెరేనియం కొమ్మలు గుచ్చి ఇచ్చింది. అవి ఏ ఇసుకలోనైనా, ఏ నీళ్ళకైనా, ఏడాది పొడుగునా పూసేవి. వదిన వాటిని ఎప్పుడూ తిట్టలేదు, పొగడలేదు. పొద్దున్నే నీళ్ళు పోసి లోపలికి వచ్చేసేది.